పాచి నోరూ ప్రేమ మాటా

నెల్లూరుకు పాతిక కిలోమీటర్ల దూరంలో, ఇందుకూరుపేట మండలంలో ఉన్న మైపాడు తీరం ఊరికంటే ముందే మేలుకుంటుంది. చీకటుండగానే పడవలు నీళ్లలోకి దిగుతాయి. తిరిగొచ్చే పడవల కోసం ఆడవాళ్లు తట్టలు పట్టుకుని ఇసుకలో కాచుకుని ఉంటారు. వలల వాసన, ఉప్పుగాలి వాసన, ఎండుచేపల వాసన అక్కడి బతుకులో భాగం. ఆ వాసనను అక్కడ ఎవరూ తప్పుపట్టరు. అది అన్నం పెట్టే వాసన. అయితే ఆ పల్లెలోనైనా, నెల్లూరు మేడల్లోనైనా, హైదరాబాదు అపార్ట్‌మెంట్లలోనైనా తెల్లవారగానే ఎదురయ్యే వాసన మరొకటి ఉంది. దాని గురించి మాత్రం ఎవరూ పెదవి విప్పరు. పక్కన పడుకున్న మనిషి నోటి వాసన అది. మన పెద్దలు దానికి పెట్టిన పేరు పాచి.

దేవుని మాటలు చెప్పుకునే చోట ఇదేం సంగతి అని కొందరికి అనిపించవచ్చు. కానీ బైబిలు ఈ సంగతిని దాచలేదు. సర్వం పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు తన కష్టాల చిట్టా విప్పినప్పుడు పోయిన ఒంటెలతోపాటు, దూరమైన బంధువులతోపాటు ఒక చిన్న మాట కూడా చేర్చాడు. తన ఊపిరి తన భార్యకే అసహ్యమైపోయిందని వాపోయాడు (యోబు 19:17). ఆస్తి పోయిన బాధ ఒకటి, ఆలి ముఖం తిప్పుకున్న బాధ మరొకటి. ఆ రెండో బాధ ఎంత లోతైనదో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది. పరమగీతంలో ప్రియుడు ప్రియురాలి శ్వాసను జల్దరు పండ్ల పరిమళంతో పోల్చి మురిసిపోతాడు (పరమగీతము 7:8). అంటే దాంపత్యంలో ఊపిరి చిన్న విషయం కాదని లేఖనాలకు తెలుసు. దగ్గరికి తీసేదీ అదే, దూరం నెట్టేదీ అదే.

ఇది ఎవరి పాపమూ కాదు

ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. పొద్దున్నే నోరు వాసన రావడం పాపం కాదు, అశుభ్రతకు గుర్తూ కాదు. రాత్రి నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. పగలంతా నోటిని కడుగుతూ ఉండేది ఆ లాలాజలమే. అది తగ్గగానే నాలుక వెనుక భాగంలో, పళ్ల సందుల్లో, చిగుళ్ల అంచుల్లో ఉండే సూక్ష్మక్రిములు మిగిలిన ఆహారాన్ని, రాలిన కణాలను కుళ్లబెడతాయి. అప్పుడు గంధకం కలిసిన వాయువులు పుడతాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాటిలో ఒకటి. నోరు తెరిచి నిద్రపోయేవారికి, గురక పెట్టేవారికి నోరు మరింత ఎండిపోతుంది. కాబట్టి వాసనా ఎక్కువే. రాజుకైనా కూలికైనా, పాస్టరుగారికైనా కొత్త పెళ్లికూతురికైనా ఇది తప్పదు. పళ్లు తోముకుని, నాలుక గీసుకుని, గుక్కెడు నీళ్లు తాగి, ఏదైనా తింటే చాలామందికి ఇది పోతుంది.

మన పూర్వీకులకు ఈ శాస్త్రం పేర్లు తెలియవు గానీ పని తెలుసు. వేపపుల్ల నమిలి, అదే పుల్లను చీల్చి నాలుక గీసుకునేవారు. కొబ్బరి ఈనె, తాటాకు ఈనె, రాగి నాలుకబద్ద ఇంటింటా ఉండేవి. ఇప్పుడు బ్రష్షూ పేస్టూ వచ్చాయి గానీ నాలుక గీసుకునే అలవాటు చాలా ఇళ్లలో పోయింది. వాసనకు ఎక్కువగా తావిచ్చేది నాలుక వెనుక భాగమేనని దంతవైద్యులు చెబుతుంటే మనం మాత్రం పళ్లు మెరిస్తే చాలనుకుంటున్నాం.

ఇంకో చిత్రమైన సంగతి కూడా ఉంది. ఎవరి నోటి వాసన వారికి తెలియదు. నిత్యం ఉండే వాసనకు ముక్కు అలవాటు పడిపోతుంది. అరచేయి అడ్డం పెట్టుకుని ఊదుకున్నా సరిగా తెలియదు. మణికట్టు లోపలివైపు నాలుకతో తాకించి, అది ఆరిన తర్వాత వాసన చూసుకుంటే కొంత తెలుస్తుందంటారు. కానీ నమ్మదగిన సాక్షి ఒక్కరే. పక్కనున్న మనిషి. మనిషి ఒంటరిగా ఉండడం మంచిది కాదని దేవుడు సాటియైన సహాయాన్ని ఇచ్చాడని ఆదికాండం చెబుతుంది (2:18). ఆ సహాయం వంటకూ పంటకూ మాత్రమేనా? మన కంటికి కనబడనిదీ మన ముక్కుకు తెలియనిదీ మనకు చెప్పడం కూడా ఆ సహాయంలో భాగం కాదా?

శత్రువు చెప్పేదాకా

ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత ఒక సంగతి రాశాడు. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో సిరక్యూస్ అనే నగరాన్ని హైరో అనే పాలకుడు ఏలాడు. ఒకరోజు అతని శత్రువు ఒకడు నోటి దుర్వాసన ఉందని అతని ముఖం మీదే ఎత్తిపొడిచాడు. హైరో ఇంటికి వెళ్లి, ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదని భార్యను అడిగాడు. మగవాళ్లందరి దగ్గరా ఇదే వాసన వస్తుందనుకున్నాను అన్నదట ఆ ఇల్లాలు.

ఆమె అమాయకురాలని, పరపురుషుని దరి చేరని పతివ్రత అని ప్లూటార్క్ మెచ్చుకుంటాడు. మనం ఆ మాటను మరో వైపు నుంచి కూడా చూడవచ్చు. నగరాన్ని శాసించే అధిపతికి అతని నోరు కంపు కొడుతోందని చెప్పే ధైర్యం ఏ భార్యకుంటుంది? బహుశా ఆమె అమాయకత్వం వెనుక తెలివీ ఉందేమో, భయమూ ఉందేమో. ఏదైనా కానీ, ఫలితం మాత్రం స్పష్టం. ఇంట్లో ప్రేమతో వినాల్సిన మాట బజారులో అవమానంగా వినాల్సి వచ్చింది. ఇంటివారు నోరు మూసుకుంటే ఆ పని పగవారు చేసిపెడతారు. పగవారు చెప్పేటప్పుడు మందు ఇవ్వరు, గాయం మాత్రమే ఇస్తారు. స్నేహితుడు చేసే గాయం నమ్మదగినదని సామెతల గ్రంథం ఎందుకు చెప్పిందో (27:6) ఇక్కడ అర్థమవుతుంది.

రెండు తప్పుదారులు

ఈ విషయంలో మన ఇళ్లలో రెండు దారులు కనబడతాయి. రెండూ తప్పుదారులే.

మొదటిది మౌనం. చెబితే నొచ్చుకుంటారేమోనని చెప్పరు. కానీ ఒళ్లు చెప్పేస్తుంది. ముఖం అటు తిప్పి పడుకోవడం, దిండు కాస్త జరపడం, చేప ముళ్లు తీసే నెపంతో పొద్దున్నే లేచి వంటింట్లోకి వెళ్లిపోవడం, మనవడిని మధ్యలో పడుకోబెట్టుకోవడం, చివరికి ఉక్కపోతగా ఉందంటూ వరండాలోకి మంచం మార్చడం. అవతలి మనిషికి కారణం తెలియదు. కారణం తెలియని దూరానికి మనసు తనకు తోచిన కారణం వెతుక్కుంటుంది. నా మీద ఇష్టం పోయింది అనుకుంటుంది. ఇంకెవరో ఉన్నారు అనుకుంటుంది. నాలుకబద్దతో పోయే దూరం అనుమానంగా మారి కాపురాన్ని తినేస్తుంది. నొప్పించకూడదని పాటించిన మౌనమే చివరకు ఎక్కువ నొప్పిస్తుంది.

రెండోది ఎత్తిపొడుపు. "నోరా అది, మురిక్కాలవా?" అని అందరి ముందూ అనేయడం. బంధువుల పెళ్లిలో, అత్తగారింట్లో, ఒక్కోసారి చర్చి గుమ్మంలోనే నవ్వులాటగా అనేసి, ఉన్నమాటేగా అన్నాను అని సమర్థించుకోవడం. నిజం చెప్పానన్న గర్వం ఆ మాటలో ఉంటుంది. ప్రేమ మాత్రం ఉండదు. మందసం ముందు నాట్యమాడి ఇంటికొచ్చిన దావీదును మీకాలు గుమ్మంలోనే ఎద్దేవా చేసింది (2 సమూయేలు 6:20). ఆమె మనసులో ఏదో బాధ ఉండే ఉంటుంది. కానీ ఎగతాళిగా బయటికొచ్చిన ఆ బాధను దావీదు వినలేదు, ఎదురు మాట విసిరాడు. ఆ ఇద్దరి మధ్యా దూరం మిగిలిపోయింది. ప్రేమ సత్యాన్ని బట్టి సంతోషిస్తుందని చెప్పిన పౌలే అది అమర్యాదగా నడవదని కూడా చెప్పాడు (1 కొరింథీ 13:5-6). ఆ రెండింటిలో ఒకటి వదిలేస్తే రెండోది నిలవదు.

నిజం చెప్పుకోవాలంటే, మన సమాజంలో ఈ రెండు దారులూ ఆడామగలకు సమానంగా పంచబడలేదు. ఎత్తిపొడిచే హక్కు మగవాడిది, మౌనం పాటించే బాధ్యత ఆడదానిది. భార్య జుట్టు, ఒళ్లు, వంట, నోరు అన్నింటి మీదా భర్త తీర్పు చెప్పవచ్చు. భర్త రాత్రి పొద్దుపోయి చుట్ట వాసనతోనో సారా వాసనతోనో ఇంటికొస్తే ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అటు తిరిగి పడుకోవాలి. ఏమండీ అన్న పిలుపు దాటి ఇంకో మాట అంటే "నాకే చెప్పేంతదానివయ్యావా?" అంటారు. కొన్ని ఇళ్లలో మాటతో ఆగదు, చెయ్యి లేస్తుంది. అలాంటి ఇంట్లో ఆమెకు నిర్మొహమాటంగా ఉండమ్మా అని ఉపదేశించడం అన్యాయం. అక్కడ ముందు మారాల్సింది ఆమె మాట తీరు కాదు, అతని చెయ్యి.

ఆశ్చర్యకరంగా, ప్రాచీన యూదుల ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలో ఈ విషయంలో భార్య పక్షాన ఒక కట్టడ ఉంది. క్రీస్తు తర్వాత 200వ సంవత్సరం ప్రాంతంలో కూర్చిన ఆ గ్రంథంలో, కెతుబోత్ అనే భాగం, ఏయే మగవారిని విడాకులివ్వమని బలవంతపెట్టవచ్చో చెబుతుంది. అందులో పేర్కొన్న ఒక రుగ్మతను ముక్కు నుంచో నోటి నుంచో వచ్చే దుర్వాసనగా తర్వాతి బోధకులు వివరించారు. ఆ వాసనను భరించి తీరాలని భార్యను నిర్బంధించకూడదని వారి భావం. విడాకుల సంగతి ఇక్కడ మన చర్చ కాదు. కానీ ఒక భార్య ముక్కుకు కూడా బాధ ఉంటుందని, ఆ బాధను పెద్దలు విని తీరాలని సుమారు 1800 ఏళ్ల కిందటే ఒప్పుకున్నారు. మన సంఘాల్లో ఎంతమంది పెద్దలు ఆ మాత్రం వింటున్నారు?

వాసన చెప్పే హెచ్చరిక

ఈ మౌనానికి వెల ఒక్కోసారి ప్రాణమే. పళ్లు తోముకున్నా, నాలుక గీసుకున్నా వారాల తరబడి పోని వాసన ఏదో చెబుతోందని అర్థం. చాలాసార్లు కారణం నోట్లోనే ఉంటుంది. పుచ్చిపోయిన పన్ను, నెత్తురు కారే చిగుళ్లు, రాత్రి తీయకుండా పడుకునే కట్టుడు పళ్లు, టాన్సిల్స్‌లో పేరుకున్న గడ్డలు. సైనస్ ఇబ్బంది ఉన్నా వాసన వస్తుంది. రక్తపోటుకూ అలర్జీకీ వాడే కొన్ని మాత్రల వల్ల నోరెండిపోతుంది. కొన్నిసార్లు కారణం లోపల ఉంటుంది. షుగర్ బాగా అదుపు తప్పినప్పుడు ఊపిరిలో పండిన పండులాంటి తియ్యని వాసన వస్తుంది. దానికి వాంతులు, ఆయాసం, మగత తోడైతే అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సమయం. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి ఊపిరిలో అమ్మోనియా వాసన రావచ్చు.

పొగాకు సంగతి వేరే చెప్పాలి. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, జర్దా మన తీరమంతటా ఉన్నాయి. రాత్రంతా సముద్రం మీద చలిలో మేలుకుని ఉండాల్సిన మనిషికి అవి తోడులా అనిపిస్తాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాల్లో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఆడవాళ్లలో ఎక్కువ. దానివల్ల అంగిట్లో పుండ్లు, పొక్కులు, క్యాన్సర్ వస్తాయని వైద్య పరిశోధకులు 1970ల నుంచీ చెబుతూనే ఉన్నారు. నోట్లో రెండు మూడు వారాలైనా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, నోరు పూర్తిగా తెరవలేకపోవడం ఉంటే తక్షణం డాక్టరుకు చూపించాలి. తొలిదశలో పట్టుకుంటే నోటి క్యాన్సర్‌కు చికిత్స ఉంది. ముదిరితే కష్టం.

ఇప్పుడు ఆలోచించండి. ఆ పుండు వాసనను అందరికంటే ముందు పసిగట్టేది ఎవరు? డాక్టరు కాదు, పాస్టరు కాదు. పక్కన పడుకునే మనిషి. ఆమె మొహమాటపడి ఊరుకుంటే, లేదా అతను "నీ ముక్కే పాడైంది పో" అని కసిరితే, మూడు వారాల్లో తెలియాల్సింది మూడేళ్లకు తెలుస్తుంది. లాజరు సమాధి దగ్గర రాయి తీయమని ప్రభువు అన్నప్పుడు, నాలుగు రోజులైంది, వాసన వస్తుంటుంది అని మార్త ఉన్నమాట చెప్పేసింది (యోహాను 11:39). ప్రభువు ఆమెను ఆ మాటకు కసరలేదు. వాసన ఉందని ఒప్పుకున్న చోటే రాయి తొలగింది. మన ఇళ్లలో ఎన్నో రాళ్లు తొలగకపోవడానికి కారణం, వాసన లేదన్నట్టు నటించడమే.

చెప్పే తీరు

ప్రేమ కలిగి సత్యం చెప్పాలని ఎఫెసీ పత్రిక నేర్పుతుంది (4:15). అది ఎలాగో లేఖనాలే చూపిస్తున్నాయి.

మొదట, వేళ చూసుకోవాలి. అబీగయీలు తన భర్త నాబాలుకు ఒక కఠినమైన సంగతి చెప్పాల్సి వచ్చింది. ఇంటికొచ్చేసరికి అతను విందులో మత్తుగా ఉన్నాడు. ఆ రాత్రి ఆమె ఏమీ అనలేదు. తెల్లవారి, మత్తు దిగిన తర్వాత చెప్పింది (1 సమూయేలు 25:36-37). విన్న తర్వాత నాబాలుకు ఏమైందన్నది ఆమె చేతిలో లేదు. వేళ ఎంచుకోవడం మాత్రం ఆమె చేతిలో ఉంది, ఆ పని ఆమె సరిగా చేసింది. సామెతల గ్రంథం ఇంకో సరదా మాట చెబుతుంది. వేకువనే లేచి పెద్ద గొంతుతో దీవించినా అది శాపంగానే లెక్కకొస్తుందట (27:14). దీవెనకే ఆ గతి పడితే, కళ్లు తెరవకముందే అనే "ఛీ, నోరు కడుక్కో!" సంగతేమిటి? నిద్ర కళ్లతో ఉన్నప్పుడు, దగ్గరికి చేరిన క్షణంలో, గొడవ మధ్యలో ఈ మాట అనకూడదు. సాయంత్రం ఇద్దరూ తీరిగ్గా కూర్చున్నప్పుడు చెప్పాలి.

గలిలయ సముద్ర తీరాన ఒక ఉదయం జరిగిందేమిటో గుర్తు చేసుకోండి. రాత్రంతా వేటాడి అలసిపోయి వచ్చిన జాలరుల కోసం ప్రభువు నిప్పులు వేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధం చేశాడు. పేతురును అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది చేదు జ్ఞాపకాన్ని తాకే ప్రశ్న. అయినా ఒడ్డుకు చేరగానే అడగలేదు. ముందు రండి, తినండి అన్నాడు. వారు తిన్న తర్వాతే అడిగాడు (యోహాను 21:9-17). మైపాడు వంటి ఊళ్లలో ఈ అధ్యాయాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. వేట నుంచి వచ్చినవాడికి ముందు ఏం కావాలో అక్కడి ఇల్లాళ్లకు తెలుసు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం తూర్పు తీరమంతటా ఉంటుంది. ఆ రోజుల్లో పడవలు ఒడ్డునే ఉంటాయి, మగవాళ్లు ఇంటిపట్టునే ఉంటారు. చేతిలో డబ్బు ఆడక చిరాకులు పెరిగే రోజులూ అవే, తీరిగ్గా మాట్లాడుకోవడానికి దొరికే రోజులూ అవే. చిరాకుకా, మాటకా, దేనికి వాడుకుంటామన్నది మన ఇష్టం.

రెండోది, చోటు చూసుకోవాలి. నీ సహోదరుని తప్పు అతడొక్కడే ఉన్నప్పుడు చెప్పమని ప్రభువు నేర్పాడు (మత్తయి 18:15). తప్పుకే ఆ నియమమైతే, తప్పుకాని వాసనకు ఇంకెంత గోప్యత కావాలి? పిల్లల ముందు వద్దు, అత్తమామల ముందు వద్దు. ఫోనులో అక్కకు చెప్పుకుని నవ్వుకోవడమూ వద్దు.

మూడోది, మాట చూసుకోవాలి. వాసన మనిషిది కాదు, నోటిది. "నువ్వు కంపు" అన్న మాట వేరు, "నాలుగు రోజులుగా నీ నోరు ఎండిపోతున్నట్టుంది, చిగుళ్లేమైనా నొప్పెడుతున్నాయా?" అన్న మాట వేరు. "నీకోసం తెచ్చా" అనడం వేరు, "మనిద్దరికీ చెరొక నాలుకబద్ద తెచ్చా" అనడం వేరు. "నువ్వు డాక్టరు దగ్గరికి పో" అనడం కంటే "రేపు నెల్లూరు పోతున్నాంగా, ఇద్దరం పళ్లు చూపించుకుని, షుగరు కూడా పరీక్ష చేయించుకుందాం" అనడం మేలు. మాట ఉప్పు వేసినట్టు రుచిగా ఉండాలని పౌలు చెప్పాడు (కొలస్సీ 4:6). కూరలో ఉప్పు ఎంత వేయాలో తెలిసిన చేతికి మాటలో ఎంత వేయాలో తెలియకపోదు.

నాలుగోది, మన కంటిలో దూలం మనం చూసుకోవాలి (మత్తయి 7:3-5). ఈ విషయంలో ఆ వాక్యం అక్షరాలా సరిపోతుంది. నీ నోటి సంగతి నీకు తెలియదు గనుక, చెప్పబోయే ముందు అడుగు. "నా నోరు వాసన వస్తోందేమో, నిజం చెప్పు, ఏమీ అనుకోను" అని మొదట నువ్వు అడిగితే, అవతలివారికి కూడా అడిగే ధైర్యం వస్తుంది.

వినే తీరు

చెప్పడం సగమే. వినడం మిగతా సగం. ఆ సగం ఎక్కువగా భర్తల మీద ఉంది.

శారా చెప్పిన మాట అబ్రాహాముకు నచ్చలేదు. అయినా ఆమె మాట వినమని దేవుడే అతనితో అన్నాడు (ఆదికాండము 21:12). విశ్వాసులకు తండ్రి అనిపించుకున్న వ్యక్తికే భార్య మాట వినడం తలవంపు కానప్పుడు మనకెందుకు కావాలి? భార్యలతో జ్ఞానము చొప్పున కాపురం చేయమని పేతురు భర్తలకు చెప్పి, అలా చేయకపోతే మీ ప్రార్థనలకు అడ్డు కలుగుతుందని హెచ్చరించాడు (1 పేతురు 3:7). పెళ్లయిన జాలరి రాసిన మాట అది. పేతురు అత్తకు జ్వరం వచ్చిన సంగతి సువార్తల్లో ఉంది గదా. ఇంట్లో వినని చెవి ఉన్నవాడి ప్రార్థన పైకి వెళ్లదని అతను చెబుతున్నాడు. వేకువ ప్రార్థనకు అందరికంటే ముందు వచ్చే భర్తలు ఈ వాక్యాన్ని ఒకసారి చదువుకోవాలి.

కాబట్టి భార్య ఈ మాట చెప్పినప్పుడు భర్త అనాల్సింది "మంచిది, చెప్పావు" అన్న ఒక్క మాటే. భర్త చెప్పినప్పుడు భార్య అనాల్సిందీ అదే. ఆ రోజు మనసు కాస్త చివుక్కుమంటే తప్పులేదు. మర్నాడు నాలుకబద్ద తీసుకుంటే చాలు.

సిగ్గు అమ్ముకునేవారు

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, కష్టం వాసనను దుర్వాసన అనకూడదు. పొద్దున్నుంచి చేపల తట్ట మోసి ఊరూరా తిరిగొచ్చిన ఇల్లాలి చేతుల వాసన, ఎండలో పని చేసొచ్చిన మనిషి చెమట వాసన స్నానంతో పోయేవే. వాటిని చూపించి మనుషుల్ని తక్కువ చేసే అలవాటు మన సమాజంలో ఉంది. కొన్ని కులాలవారిని, కొన్ని పనులవారిని దూరంగా ఉంచడానికి వాసనను సాకుగా వాడారు. పేతురు చేతులూ చేపల వాసన వేసినవే. ఆ చేతుల్లోనే ప్రభువు తన గొర్రెలను పెట్టాడు. భార్యాభర్తల మధ్య నిజాయితీ పేరుతో ఆ పాత అవమానం ఇంట్లోకి రాకూడదు.

రెండోది, మన మౌనాన్ని వ్యాపారం సొమ్ము చేసుకుంటుంది. 1879లో శస్త్రచికిత్సల్లో క్రిములను చంపడానికి తయారుచేసిన లిస్టరిన్ అనే మందును 1920లలో అమెరికాలో నోటి దుర్వాసనకు మందుగా ప్రచారం చేశారు. మీ నోరు వాసన వస్తోంది, ఎవరూ మీకు చెప్పరు, అందుకే మీకు పెళ్లి కావడం లేదు అన్న ధోరణిలో ప్రకటనలు వచ్చాయి. అమ్మకాలు విపరీతంగా పెరిగాయి. ఎవరూ చెప్పరన్న భయమే వారి పెట్టుబడి. ఈ భయం ముదిరి, నోట్లో ఏ వాసనా లేకపోయినా ఉందని కుమిలిపోయేవారూ ఉన్నారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతారు, నలుగురిలోకి రారు. ఎప్పుడో ఎవరో చేసిన ఎగతాళి వారిలో అలా నాటుకుపోయి ఉండవచ్చు. ప్రేమించే మనిషి "లేదు, ఏ వాసనా లేదు" అని చెప్పినప్పుడు నమ్మాలంటే, ఉన్నప్పుడు ఉందని చెప్పే మనిషై ఉండాలి. ఎప్పుడూ బాగుంది అనే నోటికి ఓదార్చే శక్తి ఉండదు.

సంఘం చేయగలిగేది

1840లో శామ్యూల్ డే అనే బాప్టిస్టు మిషనరీ నెల్లూరు వచ్చిన నాటి నుంచి ఈ జిల్లాలో ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని పెళ్లి ప్రసంగాలు జరిగి ఉంటాయో లెక్కలేదు. ఎఫెసీ 5వ అధ్యాయం చదవని క్రైస్తవ వివాహం ఉండదు. భార్య లోబడాలన్న మాట మైకులో వినిపించినంత గట్టిగా, భర్త తన శరీరాన్ని ప్రేమించుకున్నట్టు భార్యను ప్రేమించాలన్న మాట (5:28) వినిపిస్తుందా? సొంత శరీరాన్ని ప్రేమించేవాడు తన పంటి నొప్పిని ఎగతాళి చేసుకోడు, దాచుకోడు, వైద్యం చేయిస్తాడు. భార్య విషయంలోనూ అంతే.

పెళ్లికి ముందు జరిగే కౌన్సెలింగులో పాస్టర్లు కట్నం వద్దనీ ప్రార్థన మానవద్దనీ చెబుతారు. మంచిదే. ఆ గంటలో ఒక పది నిమిషాలు, ఒకరికొకరు నొప్పి కలిగించే నిజాలు ఎలా చెప్పుకోవాలో కూడా నేర్పితే ఎన్నో కాపురాలు నిలబడతాయి. స్త్రీల కూడికల్లో, పురుషుల కూడికల్లో ఏడాదికి ఒకసారి ఒక దంతవైద్యుణ్ణి పిలిపించి నోటి పరీక్షలు చేయిస్తే, తీరప్రాంత సంఘాల్లో అది ప్రాణాలు కాపాడే పరిచర్య అవుతుంది. ఉపవాస ప్రార్థన రోజుల్లో నోరెండి వాసన ఎక్కువవుతుంది. ఉపవాసం చేసేటప్పుడు తల అంటుకుని ముఖం కడుక్కోమని ప్రభువే చెప్పాడు (మత్తయి 6:17). ముఖం కడుక్కోమన్నవాడు నోరు కడుక్కోవద్దంటాడా? రోగి మీద వంగి చేతులుంచి ప్రార్థించే దైవజనులకు ఈ మాట చెప్పే చనువు వారి భార్యలకైనా ఉండాలి.

చిన్న నిజంతో మొదలు

ఇదంతా నోటి వాసన కోసమేనా అంటే, కాదు. నోటి వాసన గురించి చెప్పుకోలేని ఇద్దరు అప్పు గురించి ఎలా చెప్పుకుంటారు? కొడుకు చెడు తిరుగుళ్ల గురించి, మళ్లీ మొదలైన తాగుడు గురించి, ఒంట్లో తగిలిన గడ్డ గురించి ఏం చెప్పుకుంటారు? చిన్న నిజాలు చెప్పీ వినీ అలవాటైన నోటికీ చెవికీ పెద్ద నిజాలు మోసే బలం వస్తుంది. అబద్ధం మానుకుని ఒకరితో ఒకరు సత్యమే మాట్లాడాలని, మనం ఒకరికొకరం అవయవాలమని పౌలు చెప్పాడు (ఎఫెసీ 4:25). అవయవం అవయవానికి అబద్ధం చెబితే ఒళ్లు నిలవదు. కాలిలో ముల్లు దిగిందని నరం మెదడుకు చెప్పకపోతే కాలే పోతుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన సామెత. ముందు ఇల్లు మంచిదవుతుంది. నేల మంటితో మనిషిని చేసి అతని నాసికల్లో జీవవాయువు ఊదిన దేవుడు (ఆదికాండము 2:7) మన ఊపిరిని తక్కువగా చూడలేదు. ఆ ఊపిరిని జీవితాంతం పంచుకోమని ఇద్దరిని ఒకే కప్పు కిందికి చేర్చాడు. ఆ కప్పు కింద ఈ సాయంత్రం తీరిగ్గా కూర్చున్నప్పుడు ఒక్క మాట అడగండి: "నేను వినాల్సింది, నువ్వు చెప్పలేకపోతున్నది ఏమైనా ఉందా?" జవాబు ఏదైనా వినండి. విన్న తర్వాత కోపగించుకోకండి. ఆ ఇంట్లో ప్రభువు ఉంటాడు, ఆ ఇంటి ప్రార్థనకు అడ్డు ఉండదు.